అమ్మకు షుగర్ బిళ్ళ మార్చాలా, ఏకంగా ఇంజెక్షన్‌కి వెళ్లిపోవాలా?

గంటస్తంభం_పక్కవీధి
12 అక్టోబర్ 2025, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. అమ్మకు 54 ఏళ్లు, షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. ఎత్తు అయిదడుగులు, బరువు 82 కిలోలు. మొదటి నుంచీ గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ళే, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. గ్లిమెపిరైడ్ మొదట్లో 1 మి.గ్రా. ఉండేది, ఇప్పుడు 2 చేశారు. అయినా మొన్న చేయించిన మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 8.9 వచ్చింది. తొమ్మిదేళ్లలో పదకొండు కిలోలు పెరిగింది. ఇంకో సంగతి, పదకొండు గంటలయ్యేసరికి చేతులు వణుకుతున్నాయంటుంది, బెల్లం ముక్కో రెండు బిస్కెట్లో నోట్లో వేసుకుంటుంది.

డాక్టరుగారు ఈసారి డపాగ్లిఫ్లోజిన్ 10 కూడా రాశారు. ఇంకా కొనలేదు. ఎందుకంటే సిరిమానోత్సవానికి విశాఖ నుంచి మా పిన్ని వచ్చింది. మౌంజారో ఇంజెక్షన్ వేసుకుంటోందట, అయిదు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గింది. గుడి దగ్గర ఆవిడని చూసి అమ్మ గుర్తుపట్టలేదు! ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే గొడవ, "ఈ బిళ్ళలన్నీ గుమ్మంలో పారేయండి, నాకు ఆ ఇంజెక్షనే కావాలి" అని.

మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, 29 ఏళ్లు, 104 కిలోలు, షుగర్ లేదు. "ఒక ఇంజెక్షన్ పెన్నులో నాలుగు డోసులుంటాయి కదా, ఒకటి కొని అమ్మా నేనూ చెరి రెండు వేసుకుంటాం, ఖర్చు సగం" అంటున్నాడు. వినడానికి బాగానే ఉంది, నాకే ఎందుకో టెన్షన్‌గా ఉంది. బిళ్ళకీ ఇంజెక్షన్‌కీ అసలు తేడా ఏమిటి, ఎవరికి ఏది మంచిది, వాడినవాళ్లు చెప్పగలరా?

మందుల_కొట్టు_టెక్కలి
12 అక్టోబర్ 2025, రాత్రి 10:02

అమ్మా, మిగతావి తర్వాత. ముందు తమ్ముడికి ఫోన్ చేసి చెప్పు. పెన్ను ఇద్దరు వాడకూడదు. సూది మార్చినా సరే వాడకూడదు. గుచ్చినప్పుడు ఒంట్లోంచి రక్తపు తునకలు వెనక్కి పెన్నులోకి వెళ్తాయి, మన కంటికి కనబడవు. హెపటైటిస్, హెచ్‌ఐవీ అలా అంటుకోవచ్చు. ఇన్సులిన్ పెన్నుకీ ఇదే లెక్క. తల్లీ కొడుకులైనా, మొగుడూ పెళ్లాలైనా ఎవరి పెన్ను వాళ్లదే.

ఇక బిళ్ళల సంగతి. ఇరవై రెండేళ్లుగా కౌంటర్ వెనకాల నిలబడ్డవాడిని, డాక్టర్ని కాను.

గ్లిమెపిరైడ్ పాత మందు, చవక. క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తెప్పిస్తుంది. తిన్నావా లేదా దానికి అక్కర్లేదు, పిండుతూనే ఉంటుంది. అందుకే అమ్మకు పదకొండు గంటలకు ఆ వణుకు. బెల్లం ముక్క అమ్మ తినడం లేదు, ఆ బిళ్ళ తినిపిస్తోంది. ఈ మందుతో బరువు పెరగడం అందరికీ తెలిసిందే, మా దగ్గరకొచ్చేవాళ్లకి మాత్రం ఎవరూ చెప్పరు.

మెట్‌ఫార్మిన్ మంచిది. ఫ్రాన్సులో 1957 నుంచి వాడుతున్నారు. బరువు పెంచదు, ఇంకా ఒకటి రెండు కిలోలు తగ్గిస్తుంది. కొత్తలో కడుపు ఉబ్బరం, విరేచనాలు ఉంటాయి, తిన్నాక వేసుకుంటే తగ్గుతాయి. ఏళ్ల తరబడి వాడేవాళ్లు బీ12 చూపించుకోవాలి. అరికాళ్లు తిమ్మిరెక్కితే అన్నీ షుగర్ నరాలే అనుకోకూడదు.

పేరు చివర "గ్లిప్టిన్" అని ఉండేవి (విల్డాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్) నెమ్మదైనవి. బరువు అటూ కాదు ఇటూ కాదు. వీటితో ఒక్కదానితోనే అయితే షుగర్ డౌన్ అవడం అరుదు.

"గ్లిఫ్లోజిన్" అని ఉంటే అది మూత్రంలోంచి షుగర్‌ని బయటకు పంపేసే మందు. మీ డాక్టరుగారు రాసింది ఇదే. డపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో అయిపోయింది, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది ఈ సంవత్సరం మార్చిలో అయిపోయింది. ఒకప్పుడు ఉద్యోగస్తులే కొనేవారు. ఇప్పుడు ధర దిగి, జీడిపప్పు బట్టీలో పనిచేసే ఆడవాళ్లూ కొంటున్నారు.

ఇంజెక్షన్ ధర మాత్రం అడక్కు. మౌంజారో మార్చిలో దిగినప్పుడు 2.5 మి.గ్రా. సీసా 3,500, 5 మి.గ్రా.ది 4,375 రూపాయలు. అది ఒక్క వారానికి. నెలకి నాలుగు సీసాలు వేసి నువ్వే లెక్క కట్టుకో.

పొందూరు_నూలు
12 అక్టోబర్ 2025, రాత్రి 10:31

నెలకి పద్నాలుగు వేలు పెట్టి ఆకలి చంపుకోవడం! మా నాయనమ్మ ఉంటే నవ్వి చచ్చేది. ఆవిడ కాలంలో ఆకలి లేకుండా ఉండడానికి ఎవరూ డబ్బు కట్టలేదు, ఆకలే ఫ్రీగా వచ్చేది.

సరదాకి అన్నాను, ఏమనుకోకండి. కానీ నా అనుమానం ఒకటే. ఈ ఇంజెక్షన్ మానేసిన రోజున ఏమవుతుంది?

రాజాం_టీచరమ్మ
13 అక్టోబర్ 2025, ఉదయం 6:20

వాడుతున్నదాన్ని నేను, కాబట్టి దాచకుండా చెప్తాను. 48 ఏళ్లు, షుగర్ ఆరేళ్లుగా. ఏప్రిల్ చివర్లో టిర్జెపటైడ్ మొదలుపెట్టాను, అదే పిన్నిగారు వాడే మందు. 88 నుంచి 79కి వచ్చాను. పిన్నిగారిలా పద్నాలుగు కాదు, తొమ్మిదే. మూడు నెలల సగటు 8.4 నుంచి 6.5కి వచ్చింది.

మొదటి నెల 2.5 మి.గ్రా.తో ఏమీ తెలియలేదు. 5కి పెంచిన వారం మాత్రం మరిచిపోలేను. తోటి టీచరు ఇంట్లో పెళ్లి. ఆకులో పనసపొట్టు కూర, ఆవపెట్టిన పులిహోర. నాకు ప్రాణం ఆ రెండూ. నాలుగు ముద్దలు తిన్నాను. అయిదో ముద్ద నోటి దగ్గరకు తెచ్చేసరికి ఆవ వాసనకే కడుపులో తిప్పింది. చేయి కడుక్కుని బయటకొచ్చి చెట్టు కింద కక్కుకున్నాను. వడ్డించేవాళ్లు వంట బాగాలేదేమోనని మొహం చిన్నబుచ్చుకున్నారు, అదొక్కటే బాధ.

తర్వాత తర్వాత అలవాటైంది. కొంచెం కొంచెం, నెమ్మదిగా తినాలి. నూనె వంటలు తగ్గించాలి. వాంతులు తగ్గాయి కానీ మలబద్ధకం పోలేదు. జుట్టు బాగా రాలింది. ఇంకోటి ఎవరూ చెప్పరు. తగ్గేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. ఆగస్టులో బడి మెట్లు ఎక్కుతుంటే తొడలు వణికాయి. అప్పటి నుంచి రోజూ రెండు గుడ్లు, పప్పు, పెరుగు లెక్కపెట్టుకుని తింటున్నాను. గోడకి ఆనుకుని గుంజీలు తీస్తున్నాను. పిల్లలు చూసి "టీచరు ఎవరికి తప్పు చేశారు" అని నవ్వుకుంటున్నారు.

ముఖ్యమైనది: ఇది మొదలుపెట్టే రోజే మా డాక్టరుగారు గ్లిమెపిరైడ్ ఆపించేశారు. రెండూ కలిస్తే షుగర్ బాగా పడిపోతుందట. మీ అమ్మగారిది అదే బిళ్ళ, చూసుకోండి.

పొందూరు వారికి: మానేస్తే ఆకలి తిరిగొస్తుంది, దాంతో పాటు బరువూ. నాకూ అదే భయం. జీతంలో అంత పోతుంటే ఎన్నాళ్లు?

తాండ్ర_తీపి
13 అక్టోబర్ 2025, ఉదయం 11:45

నేను ఆ తమ్ముడి పార్టీయే. 31 ఏళ్లు, 98 కేజీలు, గాజువాకలో ఉద్యోగం, ఊరు భీమాళి. తాండ్ర ఊళ్లో పుట్టి సన్నగా ఉండమంటే ఎలా!

సెమాగ్లుటైడ్ మంచిదా, టిర్జెపటైడ్ మంచిదా? రీల్స్‌లో ఒకడు ఇదంటాడు, ఒకడు అదంటాడు. ఒజెంపిక్ (సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్) దుబాయ్ నుంచి తెప్పిస్తానని ఒకడు మెసేజ్ పెట్టాడు. రైబెల్సస్ బిళ్ళ కూడా అదే మందా?

డ్యూటీ_డాక్టరు
13 అక్టోబర్ 2025, రాత్రి 11:50

ఇప్పుడే డ్యూటీ దిగాను. ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ చూస్తాను. ఇక్కడ ఎవరికీ మందు రాయను, తేడాలు మాత్రం చెప్తాను.

మనం తిన్నప్పుడు పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వదులుతాయి. కడుపు నిండిందని మెదడుకు కబురు పంపేది, ఇన్సులిన్‌ని లేపేది అదే. కానీ రెండు నిమిషాల్లో కరిగిపోతుంది. అమెరికా ఎడారిలో గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది, దాని లాలాజలంలో అలాంటిదే, త్వరగా కరగనిది దొరికింది. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్ 2005లో వచ్చింది. ఈ వరసలో మొదటి మందు అదే. సెమాగ్లుటైడ్ ఆ హార్మోన్‌కే మార్పులు చేసి వారం పాటు నిలిచేలా చేసినది. టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే రెండో హార్మోన్ తాళాన్ని కూడా తీస్తుంది.

ఏది ఎక్కువ తగ్గిస్తుందో తేల్చడానికి రెండింటినీ నేరుగా పోల్చారు, షుగర్ లేని లావుపాటి వాళ్ల మీద. ఫలితాలు ఈ ఏడాది మేలో వచ్చాయి. 72 వారాలకు టిర్జెపటైడ్‌తో సగటున 20.2 శాతం, సెమాగ్లుటైడ్‌తో 13.7 శాతం బరువు తగ్గింది. అంటే వంద కిలోల మనిషికి ఇరవై, పద్నాలుగు. కానీ షుగర్ ఉన్నవాళ్లలో ఏ మందైనా ఇంత తగ్గించదు. టిర్జెపటైడ్ పెద్ద డోసులో కూడా వాళ్లకి 15 శాతం లోపే వచ్చింది. టీచరమ్మగారూ, మీది తొమ్మిదే అని చిన్నబుచ్చుకోకండి, ఆరు నెలలు కూడా నిండకుండా అది మంచి తగ్గుదలే.

మానేస్తే? సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు తేలింది. బీపీ బిళ్ళ మానేస్తే బీపీ రాదా? ఇదీ అంతే. మూడు నెలల కోర్సు అనుకుని మొదలుపెట్టకండి.

రైబెల్సస్ కూడా సెమాగ్లుటైడే, బిళ్ళ రూపంలో. పరగడుపున, అరగ్లాసు మించని నీళ్లతో వేసుకుని అరగంట ఏమీ తినకూడదు, కాఫీ కూడా. ఆ కాఫీ దగ్గరే సగం మంది తప్పుతారు. ఒజెంపిక్‌ని మన దేశంలో కంపెనీ ఈ 2025 అక్టోబరు నాటికి విడుదల చేయలేదు. దుబాయ్ నుంచి వచ్చేది దారిలో ఎంత ఎండ తిన్నదో, అసలుదో నకిలీదో ఎవరికీ తెలియదు. వద్దు.

కుటుంబంలో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు వీటి జోలికి పోకూడదు. క్లోమం వాచిన చరిత్ర ఉంటే డాక్టరుతో ముందే చెప్పాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు సెమాగ్లుటైడ్ రెండు నెలల ముందే ఆపాలి.

గంటస్తంభం గారూ, మీరు షుగర్ అంకె, బరువు అంకె రాశారు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రాయలేదు. ఎంత? కంటి పరీక్ష ఎప్పుడు చేయించారు? ఇవి తెలియకుండా బిళ్ళా ఇంజెక్షనా అన్న ప్రశ్నకి జవాబు లేదు.

చోడి_అంబలి
14 అక్టోబర్ 2025, ఉదయం 5:15

రిటైరైన పోస్టుమాస్టరుని, బొబ్బిలి దగ్గర పల్లె. 71 ఏళ్లు, ఒక్క బిళ్ళ లేదు. పొద్దున చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. మధ్యాహ్నం గంటి (సజ్జ) అన్నం. మీరందరూ ఇడ్లీలు, దోశెలు, మైదా తిని ఇంజెక్షన్లు వెతుక్కుంటున్నారు. ఆ తల్లికి మందులు ఆపి మూడు నెలలు అంబలి పట్టించమ్మా. నేరేడు గింజల పొడి కూడా కలుపు. తగ్గకపోతే నన్నడుగు.

మందుల_కొట్టు_టెక్కలి
14 అక్టోబర్ 2025, ఉదయం 8:40

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. అంబలి తాగండి, మందులు ఆపమని మాత్రం అనకండి. నేరేడు పొడి నమ్ముకుని బిళ్ళలు ఆపేసి, కాలి పుండుతో కొట్టుకొచ్చినవాళ్లని నేను చూశాను. ఒకాయనకి రెండు వేళ్లు తీసేశారు.

ఇంకోటి. చోళ్లు మంచివే, పీచు ఉంది, కాల్షియం ఉంది. కానీ మెత్తగా విసిరి, పలచగా కాచి, గ్లాసుడు గటగటా తాగితే అదీ పిండే. షుగర్ వేగంగా ఎక్కుతుంది. మా ఆవిడ మీటర్ పెట్టి చూసింది. అంబలి తాగిన గంటకి 240, అదే చోళ్లు ముద్దగా చేసి పప్పుతో తింటే 180. ఒక్క మనిషి లెక్కే అనుకోండి, అయినా మీటర్ కొనుక్కుని ఎవరి ఒంటికి వాళ్లు చూసుకుంటే పోతుంది కదా.

చోడి_అంబలి
14 అక్టోబర్ 2025, ఉదయం 9:05

ముద్ద చేసుకోవడానికి నాకు పళ్లు లేవు బావూ.

నిర్వాహకుడు
14 అక్టోబర్ 2025, మధ్యాహ్నం 1:30

ఇక్కడ ఒక సభ్యుడు "సగం ధరకే పెన్నులు, వాట్సాప్ చేయండి" అని రాశారు. తీసేశాం. చీటీ లేకుండా ఈ మందులు అమ్మడం, అమ్మబోవడం ఈ వేదికలో కుదరదు.

ఉద్దానం_కొబ్బరి
14 అక్టోబర్ 2025, రాత్రి 8:55

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి వాడిని. డాక్టరుగారు క్రియాటినిన్ అనగానే రాయాలనిపించింది.

మా వైపు అందరం షుగర్ కంటే ముందు క్రియాటినిన్ అడుగుతాం. పెళ్లిచూపుల్లో కూడా అడుగుతారు, నవ్వకండి. ఉద్దానంలో కిడ్నీలు పోయినవాళ్లలో చాలామందికి షుగర్ లేదు, బీపీ కూడా ముందు లేదు. ఎందుకొస్తుందో దేశమంతా వచ్చి పరీక్షించినా ఒక్క కారణం తేలలేదు. నీళ్లంటారు, ఎండలో పని అంటారు, పురుగుమందులంటారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ వచ్చాయి. డయాలిసిస్ కోసం విశాఖ పోవాల్సిన అవసరం చాలామందికి తప్పింది.

మా నాన్నకి మాత్రం రెండూ ఉన్నాయి, షుగరూ కిడ్నీ. కొబ్బరితోటలో పని, నడుం నొప్పి. రోజూ సాయంత్రం కొట్టుకి వెళ్లి "ఒళ్లునొప్పుల బిళ్ళ ఒకటియ్యి" అని తెచ్చుకునేవాడు. అది టీ తాగినంత మామూలు మాకు. పన్నెండేళ్లు అలా తిన్నాడు. ఇంట్లో మేమందరం అన్నం దగ్గర షుగర్, షుగర్ అని ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాం, ఆ నొప్పి బిళ్ళని మాత్రం ఒక్కరూ లెక్కపెట్టలేదు. కాళ్లు వాచాక పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 5.8. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలిసిస్.

కిడ్నీ తగ్గినకొద్దీ గ్లిమెపిరైడ్ లాంటివి ఒంట్లోంచి త్వరగా పోవని అప్పుడు చెప్పారు. రాత్రిపూట షుగర్ 45కి పడిపోయి నాన్న మమ్మల్ని గుర్తుపట్టలేదు ఒకసారి. దెయ్యం పట్టిందన్నారు పక్కింటివాళ్లు. పంచదార నీళ్లు పోస్తే దెయ్యం దిగింది.

అక్కా, మీ అమ్మగారు మోకాళ్ల నొప్పులకి ఏం వేసుకుంటారో అడగండి. 82 కిలోలంటే మోకాళ్లు నొప్పి లేకుండా ఉండవు.

గంటస్తంభం_పక్కవీధి
17 అక్టోబర్ 2025, రాత్రి 10:15

ఉద్దానం తమ్ముడూ, నీకు ఎలా తెలిసిందయ్యా.

నీ పోస్టు చదివాక అమ్మ బీరువా పైన ఉన్న రేకు డబ్బా దింపాను. పోపు గింజలుంటాయి అనుకున్నాను. నొప్పి బిళ్ళల అట్టలు, సగం వాడినవి, పదమూడు. చాలావాటి మీద డైక్లోఫెనాక్ అని ఉంది, కొన్నిటి మీద పేరు కూడా చిరిగిపోయింది. అడిగితే, "షుగర్ బిళ్ళలు అయితే నీకు చెప్పాలి గానీ, మోకాళ్లకి వేసుకునేది కూడా చెప్పాలా?" అంది. నాలుగేళ్లుగా వారానికి నాలుగైదు. చూపించుకున్న ప్రతిసారీ డాక్టరుగారికి షుగర్ బిళ్ళల చీటీ ఒక్కటే ఇచ్చేది, ఆయన అది మాత్రమే చూసేవారు. నేనూ అంతే కదా, పక్కనే కూర్చుని.

నిన్న రక్తం, మూత్రం ఇచ్చాం. క్రియాటినిన్ 1.4. కాగితంలో ఈజీఎఫ్‌ఆర్ 44 అని ఉంది. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందని రాశారు. 1.4 అంటే కాస్తే ఎక్కువ కదా అనుకున్నాను, ల్యాబులో అబ్బాయి కూడా "బోర్డరే మేడమ్" అన్నాడు. డాక్టరుగారూ, ఇది ఎంత?

డ్యూటీ_డాక్టరు
17 అక్టోబర్ 2025, రాత్రి 11:40

బోర్డర్ కాదండి. 54 ఏళ్ల ఆడమనిషిలో 1.4 అంటే కిడ్నీలు సగం కంటే తక్కువ పనిచేస్తున్నట్టు. ఆ 44 చెప్పేది అదే. క్రియాటినిన్ అంకె చూడడానికి చిన్నగా ఉంటుంది, కండ తక్కువున్న ఆడవాళ్లలో మరీ మోసం చేస్తుంది. అందుకే కిడ్నీల వడపోత వేగాన్ని చెప్పే ఈజీఎఫ్‌ఆర్ చూడమంటాం. ఒక్క పరీక్షతో జబ్బు పేరు పెట్టేయకూడదు. నొప్పి బిళ్ళలు ఆపి, మూడు నెలలకు మళ్లీ చేయించాలి. కొంత వెనక్కి రావచ్చు కూడా.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వద్దాం, ఎందుకంటే ఈ అంకెతో మొత్తం లెక్క మారిపోయింది.

మెట్‌ఫార్మిన్: ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తగ్గితే డోసు తగ్గిస్తాం, రోజుకు 1,000 మి.గ్రా. దాటనివ్వం. 30 కంటే తగ్గితే పూర్తిగా ఆపేస్తాం. గ్లిమెపిరైడ్: ఉద్దానం వారు చెప్పినదే. పదకొండు గంటల వణుకు ఇప్పుడు ఇంకోలా వినిపిస్తోంది కదా. డపాగ్లిఫ్లోజిన్: ఈ స్థాయిలో అది షుగర్‌ని పెద్దగా తగ్గించదు, ఎందుకంటే అది పనిచేయాల్సింది కిడ్నీలోనే. కానీ కిడ్నీ చెడిపోయే వేగాన్ని తగ్గిస్తుంది. 2020లో వచ్చిన పెద్ద అధ్యయనంలో షుగర్ లేని కిడ్నీ రోగులకి కూడా మేలు చేసింది. మీ డాక్టరుగారు రాసిన ఆ కొత్త బిళ్ళ, మీరు ఇంకా కొనని బిళ్ళ, మీ అమ్మగారికి ఈ జాబితాలో అన్నిటికంటే అవసరమైనది. మొదటి వారాల్లో క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది, కంగారుపడి ఆపేయకండి, డాక్టరుకి చూపించండి.

గ్లిప్టిన్లలో లినాగ్లిప్టిన్‌కి కిడ్నీని బట్టి డోసు మార్చే పని లేదు.

ఇంజెక్షన్ చెడ్డది కాదు. వారానికి 1 మి.గ్రా. సెమాగ్లుటైడ్‌తో షుగర్, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవాళ్లలో కిడ్నీ బాగా దెబ్బతినడం, కిడ్నీ లేదా గుండె జబ్బుల మరణాలు కలిపి 24 శాతం తగ్గాయని 2024లో తేలింది. కానీ మొదలుపెట్టగానే వాంతులై ఒంట్లో నీరు తగ్గితే, 44 ఉన్న కిడ్నీకి అదే పెద్ద దెబ్బ. కంటి రెటీనా కూడా ముందు చూడాలి, షుగర్ ఒక్కసారిగా దిగితే అప్పటికే పాడైన రెటీనా ఇంకా చెడవచ్చు. ముందు నొప్పి బిళ్ళలు ఆపి, కిడ్నీ కుదుటపడ్డాక, నిదానంగా. ఈ మాటలన్నీ ఒక చీటీ మీద రాసుకెళ్లి మీ డాక్టరుగారి ముందు పెట్టండి. ఆ రేకు డబ్బా కూడా తీసుకెళ్లండి.

పొందూరు_నూలు
18 అక్టోబర్ 2025, ఉదయం 7:10

నేను నవ్వుతూ మొదలుపెట్టినవాడిని, ఇప్పుడు మా అమ్మ సంచి కూడా వెతికాను. రెండు అట్టలు దొరికాయి.

డపాగ్లిఫ్లోజిన్ గురించి ఒకటి చెప్పాలి, ఆడవాళ్లు చెప్పుకోరు కాబట్టి. మా అత్తకి మొదలుపెట్టిన నెలకి కింద విపరీతమైన దురద. సిగ్గుపడి ఎవరికీ చెప్పక, బిళ్ళ మానేసింది. మూత్రంలో షుగర్ పోతుంటే అక్కడ ఫంగస్ చేరుతుందట. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని పొడిగా తుడుచుకోమన్నారు, ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారు, పోయింది. ముందే చెప్పి ఉంటే రెండు నెలలు మందు పోయేది కాదు.

తాండ్ర_తీపి
18 అక్టోబర్ 2025, ఉదయం 10:20

నా కథ మధ్యలో మునిగిపోయింది, పర్లేదు. డాక్టరుగారూ, షుగర్ లేని నాలాంటివాడికి?

డ్యూటీ_డాక్టరు
18 అక్టోబర్ 2025, సాయంత్రం 6:05

మీ బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతో చెప్పే లెక్క) 30 దాటితే, లేదా 27 దాటి బీపీ, కొవ్వు కాలేయం, నిద్రలో గురక లాంటివి ఉంటే డాక్టరు ఆలోచిస్తారు. మనవాళ్లకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క, నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటకూడదు. ముందు థైరాయిడ్, లివర్, షుగర్ చూపించుకోండి. తొందర లేదు. సెమాగ్లుటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చిలో అయిపోతోంది. ఆ తర్వాత మన కంపెనీలు దిగితే డపాగ్లిఫ్లోజిన్‌కి జరిగిందే దీనికీ జరగవచ్చు. అప్పటిదాకా తాండ్ర తగ్గించండి.

రాజాం_టీచరమ్మ
18 అక్టోబర్ 2025, రాత్రి 9:00

మార్చి అనగానే క్యాలెండర్ మీద సున్నా చుట్టాను. అప్పటికి మందు మార్చమని అడుగుతాను. కొంచెం బరువు పెరిగినా పర్లేదు, కానీ జీతం అంతా పోకూడదు.

గంటస్తంభం_పక్కవీధి
26 అక్టోబర్ 2025, రాత్రి 8:40

డబ్బాతో సహా వెళ్లాం. డాక్టరుగారు అట్టలన్నీ బల్ల మీద వరసగా పేర్చి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇవి నేను అడగాల్సింది" అన్నారు. నాకు ఆ మాటతో కోపమంతా పోయింది.

గ్లిమెపిరైడ్ ఆపేశారు. మెట్‌ఫార్మిన్ 500 రెండుసార్లు, డపాగ్లిఫ్లోజిన్ 10, లినాగ్లిప్టిన్ 5. మోకాళ్లకి పారాసిటమాల్, అదీ నొప్పి ఉన్నప్పుడే, ఫిజియోథెరపీ. కంటి పరీక్ష అయింది, రెటీనా ప్రస్తుతానికి బాగుంది. జనవరిలో మళ్లీ క్రియాటినిన్. అది నిలకడగా ఉంటే వారం ఇంజెక్షన్ సంగతి అప్పుడు, అప్పుడు లినాగ్లిప్టిన్ ఆపేస్తారట, రెండూ ఒకే దారిలో పనిచేస్తాయి కాబట్టి.

బిళ్ళలు మార్చి ఎనిమిది రోజులు. పదకొండు గంటల వణుకు మూడో రోజు నుంచే లేదు. "ఆకలి వేయడం లేదేమిటే" అని అమ్మే ఆశ్చర్యపోతోంది. పిన్నికి ఫోన్ చేసి, "నాకు ఇంజెక్షన్ లేకుండానే ఆకలి తగ్గింది" అని గొప్పలు కూడా పోయింది. తమ్ముడు పెన్ను మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు కొత్త గొడవ. రేపు కార్తీక సోమవారం. అమ్మ నలభై ఏళ్లుగా నక్షత్రాలు కనిపించేదాకా నీళ్లు కూడా ముట్టదు. తుఫాను వస్తోందంటున్నారు, కరెంటు ఉంటుందో లేదో తెలియదు. ఈ కొత్త బిళ్ళతో ఉపవాసం ఉండవచ్చా?

డ్యూటీ_డాక్టరు
26 అక్టోబర్ 2025, రాత్రి 9:15

నీళ్లు లేని ఉపవాసం వద్దే వద్దు. డపాగ్లిఫ్లోజిన్ వేసుకుని పస్తుంటే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగితే వచ్చే ఆమ్లాలు) పేరుకోవచ్చు, షుగర్ అంకె మామూలుగా ఉన్నా సరే ప్రమాదం. కిడ్నీకి నీరు చాలకపోతే ఇంకో ప్రమాదం. వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చిన రోజున కూడా ఆ బిళ్ళ ఆపి ఫోన్ చేయాలి. ఉపవాసం ఉంటే ఆ రోజు ఆ బిళ్ళ ఏం చేయాలో మీ డాక్టరుగారిని ఈ రాత్రే అడగండి. పాలు, పళ్లు, నీళ్లతో ఉండే ఉపవాసానికి ఆవిడని ఒప్పించండి.

ఉద్దానం_కొబ్బరి
26 అక్టోబర్ 2025, రాత్రి 9:50

తుఫాను అన్నారు కాబట్టి ఒక ముక్క, ఇన్సులిన్ వాడేవాళ్ల కోసం. 2018లో తిత్లీ వచ్చినప్పుడు మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. నాన్న ఇన్సులిన్‌ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని తడిపిన మట్టికుండలో నీళ్లు తగలకుండా దించి, నీడలో పెట్టాం. పాడవలేదు. ఐసు మీద నేరుగా పెట్టకండి, గడ్డకడితే పారేయాల్సిందే.

చోడి_అంబలి
27 అక్టోబర్ 2025, ఉదయం 5:05

అమ్మా, మీ అమ్మగారితో చెప్పు, బొబ్బిలి పోస్టుమాస్టరు అన్నాడని. శివుడికి కావలసినవి నీళ్లే, ఆయన మీద పోసినవే ఆవిడా నాలుగు గుక్కలు తాగితే ఆయనకి కోపం రాదు.

గంటస్తంభం_పక్కవీధి
27 అక్టోబర్ 2025, ఉదయం 7:30

డాక్టరుగారు రాత్రే ఫోన్ ఎత్తారు, ఈ రోజుకి ఆ బిళ్ళ వద్దన్నారు. మాస్టారి మాట చదివి వినిపించాను. "ఆయనెవరో పెద్దాయన" అని, ఇప్పుడే గుడి నుంచి వచ్చి చెంబుడు నీళ్లు తాగింది.